బోర్లా అక్క

ఆసుపత్రి నేలమాళిగలో, సీసం పలకలు బిగించిన తలుపు వెనక, ఇరవై రెండేళ్లుగా ఆమె రోగుల గుండెల బొమ్మలు తీస్తోంది. ఆ గదిలోకి ఎండ రాదు. ఆమె నవ్వు మాత్రం వరండా దాకా వినిపిస్తుంది. తోటివాళ్లు ఆమెను "బోర్లా అక్క" అంటారు. ఆ పేరెలా వచ్చిందో తెలియాలంటే బస్సు డ్రైవరు వచ్చిన రోజు చూస్తే చాలు.

డ్రైవరుకు యాభై నాలుగేళ్లు. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందన్నాడు. గుండెకు రక్తం సరిగా అందడం లేదని తేలితే స్టీరింగు ముట్టనిచ్చేది లేదని డిపోవాళ్లు ముందే చెప్పేశారు.

"బతికి బాగుంటే చాలు, బస్సెందుకు?" అంది భార్య.

"బస్సు లేకపోతే బతుకెందుకే?" అన్నాడతను.

ట్రెడ్‌మిల్ మీద నడిపించి, ఆయాసం తారస్థాయిలో ఉండగా నరంలోకి మందు ఎక్కించారు. అది రక్తంతోపాటు గుండె కండరంలో చేరి కిరణాలు వెలువరిస్తుంది. రక్తం అందినచోట బొమ్మ వెలుగుతుంది, అందనిచోట మసకబారుతుంది. కాసేపాగి అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కెమెరాను ఛాతీ చుట్టూ తిప్పింది అక్క. తెర మీద గుండె అడుగు గోడ మసకగా కనిపించింది.

నీడను చూసి నేరం మోపడం తేలిక; ఆ నీడ ఎవరిదో వెతకడం పని. పొట్టా, దాని పైనున్న డయాఫ్రం పొరా అడ్డుపడి కిరణాలను మింగినా బొమ్మ ఇలాగే వస్తుంది. బోర్లా పడుకుంటే గుండె కాస్త ముందుకూ, ఆ పొర కాస్త కిందికీ జరుగుతాయి. అయితే బోర్లా తిప్పినా మసక వీడని బొమ్మలూ ఆమె చాలానే చూసింది. అందుకే ముందుగా ఎవరికీ అభయమివ్వదు.

"అన్నయ్యా, ఈసారి బోర్లా పడుకోండి."

"ఈ పొట్టతోనా? ఉయ్యాలలా ఊగుతాను చెల్లెమ్మా!"

"తగ్గించమని మొత్తుకుంటే విన్నారా? ఊగండిప్పుడు," అంది గుమ్మం దగ్గర నుంచి భార్య.

"ఆయన్ని నవ్వించకండి వదినా, కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది."

ఎర్రదీపం దగ్గర ఆగిన బస్సులా అతను కదలకుండా పడుకున్నాడు. ఈసారి అడుగు గోడ నిండుగా వెలిగింది. తీర్పు చెప్పవలసింది డాక్టరు గనక ఆయనకు కబురు పెట్టింది.

"ముప్పై ఏళ్లు అద్దంలో ప్రయాణికుల మొహాలు చదివినవాణ్ణి. చెప్పెయ్ చెల్లెమ్మా."

"నా మొహం ఉచితంగా చదవనివ్వను. అరుగో, డాక్టరు గారొస్తున్నారు."

డాక్టరు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "రక్తం బాగానే అందుతోంది. ఆ నీడ పొట్టది. ఛాతీ పట్టడానికి కారణం వేరే చోట వెతుకుదాం. బరువు తగ్గు, రోజూ నడువు. డిపోకి కాగితం రాసిస్తాను."

డ్రైవరు చెయ్యి చాచేలోగా ఆ కాగితం భార్య చేతిలో ఉంది.

"రేపు పొద్దున డిపోకి ఇద్దరం నడిచే వెళ్తున్నాం."

"మూడు కిలోమీటర్లా!"

"గుండె బాగుందన్నారుగా!"