పామిడి ఇసుకలో ఆగిన ఆట

టోక్యో ఒలింపిక్స్ జరిగిన ఏడు నేను అనంతపురంలో ఒక వారపత్రికలో పనిచేస్తున్నాను. మా వంశంలో బి.ఏ. చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. దాంతో పత్రికాఫీసులోనూ, ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లోనూ, చివరికి మా ఊళ్ళోనూ నా అసలు పేరు పోయి ‘బి.ఏ.’ మిగిలింది. నాకది బాగానే ఉండేది. ఏ కబురు తెలిసినా నా కడుపులో నిలిచేది కాదు. పొద్దున లైబ్రరీలో మద్రాసు ఇంగ్లీషు పేపరు చదివి, ఆఫీసుకు నడిచే దారిలో ఎదురైన ప్రతివాడికీ అందులోది ఒక ముక్క చెబితే గాని కాలు ముందుకు పడేది కాదు.

మా పత్రిక నాలుగు పేజీలు. శుక్రవారం అచ్చవుతుంది, శనివారం పొద్దున బస్సుల మీద ఊళ్ళకు పోతుంది. చివరి పేజీ ఆటలది. నేను చేరకముందు అందులో తాడిపత్రి బండలాగుడు పోటీలు, చిలమత్తూరు వాలీబాల్, ఎక్కడో ఒకచోట చెడుగుడు, అంతే ఉండేవి. నేను ఎడిటరు గారి వెంటపడి ఒప్పించి ఆ పేజీలోకి ప్రపంచాన్ని తెచ్చాను. పరుగు పందేలు, ఈత పందేలు, ఎవరెంత ఎత్తు ఎగిరారు, అన్నీ రాశాను. మా జిల్లా జనానికి టోక్యో చూపిస్తున్నానని నాకు ఒళ్ళంతా పొంగు.

ఒకరోజు తాడిపత్రి నుంచి ఒకాయన పత్రిక చంకలో పెట్టుకుని నేరుగా ఆఫీసుకే వచ్చాడు. ఆయన ఎద్దులు ఆ వారం బండలాగుడులో మొదటి బహుమతి కొట్టాయి.

“ఏమప్పా, మా ఎద్దులు గెలిసింది రెండు లైన్లు. యాడనో తెల్లోడు ఉరికింది ఇంత పొడుగు రాసినారు. ఆయప్ప మీకేమన్నా చుట్టమా?”

“అది ప్రపంచంలోనే పెద్ద పోటీ అన్నా,” అన్నాను.

“అట్లయితే తాడిపత్రి ప్రపంచంలో లేదా?”

ఎడిటరు గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, “చెప్పు బి.ఏ., జవాబు చెప్పు,” అని నవ్వారు. తాడిపత్రి ఆయన వెళ్ళాక నేను మళ్ళీ ఈత పందేలు రాయడానికి కూర్చున్నాను.

మా అన్న మా ఊరి చెడుగుడు జట్టుకు కెప్టెను. ఎన్నో ఏళ్ళుగా ఆడుతున్నాడు. మోకాలు దెబ్బతిని, ఈ ఏడే ఆఖరు అని ఇంట్లో అందరికీ చెప్పేశాడు. ఆ ఏడే వాళ్ళ జట్టు ఫైనలుకు వచ్చింది. పామిడిలో, పెన్న ఇసుకలో, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఆట. వారం ముందు అన్న చెనిక్కాయల మూటతో అనంతపురం వచ్చినప్పుడు నన్ను హోటలు బయటికి పిలిచాడు.

“రేయ్, గెలుస్తామో ఓడతామో తెల్దు. ఒక్కతూరి మనూరు పేపర్లో పడాల. ఇన్నేండ్లు ఆడింది యాడా లేదు. ఎవురో చెప్పింది విని రాసేది కాదు, నువ్వే వచ్చి సూసి రాయి.”

“వస్తానన్నా,” అన్నాను. ఆ మాట అన్న నాలుగు రోజులకు మనవాళ్ళు హాకీ ఫైనలుకు చేరారు. అదీ పాకిస్తాన్‌తో, అదీ ఆ శుక్రవారమే.

శుక్రవారం పొద్దున ఎడిటరు గారు తేల్చి చెప్పారు. “హాకీ సంగతి తేలేదాకా నువ్వు కదిలేది లేదు. పేజీ నువ్వే కావాలన్నావు, నువ్వే నింపాల.”

పేజీ దాదాపు నిండే ఉంది. మన హాకీ పాత వైభవం, పోయినసారి రోములో బంగారు పతకం చేజారిన తీరు, అన్నీ ముందే రాసి ఇచ్చేశాను. పైన ఫలితానికి మాత్రం జాగా వదిలాం. రేడియో ఎదురు హోటల్లో ఉంది. నేను ప్రెస్సులోంచి హోటలుకు, హోటల్లోంచి ప్రెస్సుకు తిరగడం మొదలుపెట్టాను. ప్రెస్సులో ఉంటే రేడియోలో ఏమొచ్చిందో అని, హోటల్లో ఉంటే పామిడి బస్సు వెళ్ళిపోతుందేమో అని. కూర్చుంటే కాళ్ళు వాటంతట అవే ఊగుతున్నాయి.

“నువ్వు తిరిగితే ఆ జపాన్లో ఆట బిరీన అయిపోతాదా? కూసోప్పా, రోడ్డు అరిగిపోతాది,” అన్నాడు హోటలాయన.

కబురు వచ్చింది. ఒకే ఒక్క గోలు, అదీ మనదే. హోటల్లో బల్లలు చరిచారు. నేను రోడ్డు దాటి ప్రెస్సులోకి వచ్చాక చూసుకుంటే ఒక చెప్పు హోటల్లోనే ఉండిపోయింది. నిలబడే రాసిచ్చాను. తలెత్తి గడియారం చూస్తే మూడు దాటింది.

“ఇంక పోనా సార్?”

“పో. అడుగున కొంచెం జాగా ఉండాది. పొద్దుగూకే లోపల తెస్తే నీ చెడుగుడు. లేకుంటే బీడీల ప్రకటన.”

బస్సు ప్రతి చెట్టు దగ్గరా ఆగినట్టే అనిపించింది. వానల్లేక పొలాల్లో వేరుచెనగ చెట్లు సగం ఎండి నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. పక్కన కూర్చున్నవాడికి హాకీ గెలిచామని చెప్పాను. వెనక సీటుకు తిరిగి చెప్పాను. కండక్టరు వస్తే ఆయనకూ చెప్పబోయాను.

“ఎక్కినోడల్లా అదే చెప్తాండాడు. టికెట్టు తీసుకో,” అన్నాడు.

అప్పుడిక చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఆట అయిపోయి ఉంటుంది. అన్న జనంలో నాకోసం వెతికి వెతికి ఉంటాడు. బస్సు వంతెన దగ్గర ఆగకముందే దూకాను.

ఏటి ఇసుకలో జనం గుంపుగా కూర్చుని ఉన్నారు. అరుపుల్లేవు, కూత లేదు. బూడిదతో గీసిన గీతలు చెక్కు చెదరలేదు. అయిపోయి చాలాసేపయినట్టుంది అనుకున్నాను.

“మనోళ్ళు గెలిచినారా?” అని అంచున కూర్చున్న మా ఊరి ముసలాయన్ను అడిగాను.

“ఆడితే కదప్పా గెలిచేకి.”

డ్రిల్లు మాస్టరు విజిలు మెడలో వేసుకుని కోపంగా నా దగ్గరికి వచ్చాడు. ఆయనే ఆటకు పెద్ద. “నువ్వేనా పేపరాయన? మూడింటి నుంచి విజిలు ఊదుతాండా. రాసేటోడు వచ్చేదాకా లేసేది లేదని రెండు జట్లూ మొండికేసి కూసున్నాయి.”

అవతలి జట్టు కెప్టెను ఇసుకలో చేతులు వెనక్కి ఆనించుకుని, “గెలిసేది ఎట్లాగూ మేమే. సూసి రాసేటోడు లేకుంటే గెలిసి ఏం లాభం?” అన్నాడు.

“వీళ్ళకూ మాకూ ఇది ఒక్కదాంట్లోనే మాట కలిసింది,” అన్నాడు మా అన్న, మోకాలికి గుడ్డ బిగించుకుంటూ.

నా లోపల ఎగురుతున్న కబురే బయటికి వచ్చింది. “హాకీలో మనం గెలిచినాం.”

“తెలుసులే బి.ఏ. పంచాయితీ రేడియోలో చెప్పినారు. నువ్వు గట్టున కూసో. పొద్దు పోతాండాది,” అన్నాడు మా ఊరి ముసలాయన.

కూర్చున్నాను గాని ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. రేపు పొద్దున బస్సెక్కి ఊరూరికీ పోయే నా పేజీ అంతా, ఊరూరూ ఈ మధ్యాహ్నమే విన్న కబురు. ఇక్కడి సంగతి ఏ రేడియోలోనూ రాదు. ఇంతమంది ఎండలో లేవకుండా కూర్చున్నది అందుకే.

ఆట మొదలైంది. ఒక పక్క ఎండ దిగిపోతోంది, ఇంకో పక్క వంతెన మీద అనంతపురం బస్సు హారను కొడుతోంది. లేస్తే ఆఖరు చూడలేను, కూర్చుంటే పేజీ దాటిపోతుంది. రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాను. బస్సు వెళ్ళిపోయింది.

ఆఖరి కూతకు అన్నే వెళ్ళాడు. అవతలి జట్టుకు అప్పటికి ఒక్క పాయింటు ఎక్కువ. ఒకణ్ణి తాకి వెనక్కి తిరిగాడు. మోకాలు ఇసుకలో దిగబడింది. మీద నలుగురు పడ్డారు. చెయ్యి గీత వైపు సాగింది, ఇంకా సాగింది, కూత ఆగిపోయింది. గీత అందలేదు.

మీద పడ్డవాళ్ళు లేచాక అన్న అక్కడే కూర్చుని నోట్లో ఇసుక ఉమ్మాడు. “సూసినావా?”

“చూసినానన్నా.”

“ఓడింది గూడా రాస్తారా?”

“రాస్తాను.”

“అట్లయితే ఈడేం పని నీకు? పో.”

గుత్తి నుంచి వస్తున్న బండల లారీ చెయ్యెత్తితే ఆగింది. నాపరాళ్ళ మీద కూర్చుని, అక్షరాలు అటూ ఇటూ ఎగురుతుంటే, ఊరి పేరు దగ్గర నుంచి ఆఖరి కూత వరకు రాశాను.

ప్రెస్సులో దీపం వెలిగించారు. పేజీ చట్రంలో బిగించి ఉంది, అడుగున బీడీల ప్రకటన.

“పొద్దుగూకింది బి.ఏ.,” అన్నారు ఎడిటరు గారు.

“బీడీలు ఉండనీండి సార్. నా హాకీ తీయండి.”

“పిచ్చి పట్టిందా నీకు? పొద్దున్నుంచి దానికోసం ఎగిరి ఎగిరి దూకినావు.”

“పామిడిలో నేను చెప్పబోతే తెలుసులే అన్నారు సార్. నా కోసం ఆట మొదలుపెట్టకుండా ఇసుకలో కూర్చున్నారు.”

ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి దింపి నా కాగితాలు చదివారు. చదివి, “పైన హాకీ గెలిచింది నాలుగు లైన్లు ఉండనీ. అదీ తీసేస్తే మనల్ని పాకిస్తాన్ వాళ్ళనుకుంటారు. రోము, పాత వైభవం, అదంతా పీకేయండి,” అన్నారు. అక్షరాలు పేర్చే ఆయన నన్ను తిట్టుకుంటూనే పీకడం మొదలుపెట్టాడు.

మర్నాడు మొదటి బస్సుకు పేపర్ల కట్టతో పాటు నేనూ మా ఊరికి వెళ్ళాను. పంచాయితీ రేడియో ఉన్న గది ముందు అందరూ చేరారు. మా నాయన అన్న పక్కనే కూర్చున్నాడు. నేను పైనుంచి హాకీ చదవబోయాను.

“అది విన్న్యాంలే. కిందికి రా.”

కిందికి వచ్చాను. ఊరి పేరు చదవగానే ఎవరో ఇంకోసారి చదవమన్నారు, చదివాను. ఆట అంతా కదలకుండా విన్నారు. “గీతకు జానెడు దూరంలో పట్టుబడినాడు” అన్న చోట మా అన్న చెయ్యెత్తాడు.

“జానెడా? బెత్తెడు గూడా లేదు. దిద్దు.”

“అచ్చయిపోయిందన్నా.”

“జానెడే. నేను ఆడనే ఉండా,” అన్నాడు వెనక నుంచి జట్టులోవాడే ఒకడు.

అన్న వాడి వైపు కూడా చూడలేదు. నా చేతిలోంచి పేపరు తీసుకుని ఆ లైను ఉన్నచోట వేలితో తట్టాడు. “ఇట్ల జానెడు దూరంలో పడిపోయినోని లెక్క ఎప్పటికీ ఉండిపోతే ఎట్లప్పా? వచ్చే ఏడు గూడా ఆడాల్సిందే.”

“మరి నీ మోకాలో?” అన్నాడు నాయన.

“మోకాలి సంగతి పేపర్లో యాడా లేదు గదా.”