కోటిలింగం మామయ్య తీసిన శాంపిల్

"రేపు పాపను బళ్ళో దింపడానికి వెళ్తే, నన్ను చూసి తాతయ్యొచ్చాడంటారేమోనే!"

అద్దం ముందు నిలబడి శ్రీకృష్ణ ఈ మాట అనేనాటికి పాపకు రెండున్నరేళ్ళు, అతనికి ముప్పై రెండు. అతని నుదురు మాత్రం అరవైకి దగ్గర పడింది. భార్య హారిక పాలగ్లాసు కడుగుతూ, "అంటే అంటార్లెండి. మీరు మాత్రం ఈ సంగతి కోటిలింగం బాబాయ్‌గారి చెవిన వెయ్యకండి" అంది.

కోటిలింగం శ్రీకృష్ణకు మేనమామ. ఆయనకున్నది ఒకటే జబ్బు: అడుగు చూడనిదే దేన్నీ నమ్మడు. గుంటూరు మిర్చి యార్డులో, కొనేవాళ్ళ తరఫున బస్తాలు చూసిపెట్టే పని ఆయనకు ముప్పై ఏళ్ళుగా ఉంది. బస్తా మూతి దగ్గర ఎర్రగా నిగనిగలాడే కాయలు పేర్చి, అడుగున తెల్లబారిన తాలుకాయలు దాచే ఘనులు కొందరుంటారు. అందుకని మూతి మీద కాయను ఆయన కన్నెత్తి చూడడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దించి, అడుగునుంచి గుప్పెడు లాగి, ఒక కాయ విరిచి, వాసన చూసి, తుమ్ముతాడు. ఒక తుమ్మయితే ఫరవాలేదు. రెండయితే మంచి సరుకు. తుమ్ము రాలేదంటే ఆ రైతు బస్తా మూతి కట్టేసుకోవడమే.

ఆ అలవాటును యార్డు గేటు దగ్గర వదిలేసి రావచ్చు. కోటిలింగం ఇంటికి తెచ్చుకున్నాడు. హోటల్లో ఇడ్లీ పెడితే ముందు తిరగేసి వీపు చూస్తాడు. పెళ్ళిలో పులిహోర వడ్డించేవాడి చేతిలో గరిటె లాక్కుని గంగాళం అడుగు దాకా గుచ్చుతాడు. మంగళగిరిలో చీర కొంటే లోపలి ఆఖరి మడత చూసేదాకా దుకాణంవాడు దాన్ని మడవలేడు. శ్రీకృష్ణ పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు అందరూ ముందు గదిలో కూర్చుని అమ్మాయిని చూస్తుంటే, ఆయన పెరట్లోకి వెళ్ళి పనిమనిషిని పలకరించి వచ్చాడు.

"ఈ ఇంట్లో మనుషులు మంచివాళ్ళురా. పనిమనిషి పదకొండేళ్ళుగా మానలేదు. చేసుకో" అన్నాడు తుమ్మి.

పాప పుట్టిన రోజున అయితే ఆస్పత్రిలో నర్సు పొత్తిలిగుడ్డల్లో బిడ్డను తెచ్చి చూపిస్తే, ఆయన మొహం చూడలేదు. గుడ్డ తొలగించి కాలికి కట్టిన ట్యాగు మీద నంబరు చదివాడు.

"ఏంటండీ పెద్దాయనా, ముందు పాపను చూడండి!"

"చూస్తానమ్మా. తల్లి చేతికున్న నంబరు కూడా చూసొచ్చి అప్పుడు తీరిగ్గా చూస్తా. మారిపోతే తర్వాత ఎవర్ని అడగాలి?"

ఇలాంటి మనిషి దగ్గర దాచాల్సిన సంగతి ఏమిటంటే, శ్రీకృష్ణ తలమీద జుట్టు నాటించుకోబోతున్నాడు.

అతను చిలకలూరిపేటలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. సైన్సు చదివినవాడు కాబట్టి జుట్టు రాలుతున్నప్పుడు అందరిలా కంగారుపడలేదు, పద్ధతిగా కంగారుపడ్డాడు. దిండు మీద రాలినవి రోజూ లెక్కపెట్టాడు. బోరు నీళ్ళను అనుమానించాడు, హెల్మెట్‌ను అనుమానించాడు, హారిక కొన్న షాంపూను అనుమానించి సీసా వెనక ఉన్న చిన్న అక్షరాలన్నీ చదివాడు. ఉల్లిపాయ రసం రాసుకుంటే మూడు రోజులు పాప దగ్గరికి రాలేదు. మినాక్సిడిల్ అని తలకు రాసుకునే మందు మొదలెడితే, మూడో వారానికి జుట్టు ఇంకా ఎక్కువ రాలింది. హడలిపోయి మానేశాడు. ఆ తర్వాత పాపను చేర్పించే బడి చూడ్డానికి వెళ్తే, గుమ్మంలో ఆయా ఆదరంగా, "తాతగారూ, చెప్పులు ఇటు పక్కన విడవండి" అంది.

అంతే. మర్నాడే గుంటూరులో కొత్తగా తెరిచిన ఒక జుట్టు క్లినిక్కుకు వెళ్ళాడు. గోడ నిండా ముందు ఫొటో, తర్వాత ఫొటో. భవ్య అనే అమ్మాయి ట్యాబ్ చేతిలో పట్టుకుని నవ్వింది. "మూడు వేల గ్రాఫ్టులు సార్. వెనక నుంచి కుదుళ్ళు తీసి ముందు పెడతాం. ఒక్క రోజులో అయిపోతుంది. వచ్చే ఆదివారం ఒకే ఒక్క స్లాట్ ఉంది, రాసుకోమంటారా?"

రాసుకోమన్నాడు.

సంగతి కోటిలింగానికి చెప్పింది హారికే. చెప్పాలని కాదు. ఆయన సోమవారం పొద్దున్నే గుంటూరు నుంచి బస్సులో వచ్చి, కాఫీ గ్లాసు ఎత్తి అడుగు చూసి తాగుతూ, "ఏమ్మా, మీ ఆయన అద్దాన్ని అంతసేపు చూస్తున్నాడేంటి? దాని వెనక ఏముంది?" అని అడిగాడు. ఆ పిల్ల తట్టుకోలేకపోయింది.

"ఏరా, నాటించుకుంటున్నావంట?" అన్నాడు కోటిలింగం. ఆయన తల పూర్తిగా బట్టతల. చెవుల మీద, వెనక కాస్త అంచు మాత్రం మిగిలింది. దానికి ఆయన ఏనాడూ బాధపడినట్టు లేదు.

"ఆపరేషనంటే పెద్దదేం కాదు మామయ్యా. వెనక జుట్టు రాలే రకం కాదు. దాన్ని వేర్లతో సహా తీసి..."

"నారు తీసి పొలంలో వేస్తారు. తెలిసిందిలే. నారుమడి ఎంతుంది నీకు?"

"అంటే?"

"వెనక. ఒకసారి పీకిన చోట మళ్ళీ మొలవదుగా? ఈ మూడు వేలూ ఇప్పుడు ముందు వేసేస్తావు. రేపు నడినెత్తి ఎండిపోతే ఎక్కణ్ణుంచి తెస్తావు, పిడుగురాళ్ళ నుంచా?"

శ్రీకృష్ణ తల వెనక తడుముకున్నాడు. ఈ ప్రశ్న ట్యాబ్‌లో లేదు.

"ముందు తెగులు ఆగిందా? ఆగకుండా నారు వేసే రైతును ఎక్కడన్నా చూశావా?"

"డాక్టరు గారు అన్నీ చూసుకుంటారు మామయ్యా."

"ఆ డాక్టర్ని చూశావా?"

"ఫొటో చూశాను. చాలా డిగ్రీలున్నాయి."

"అది మూతి మీద కాయరా" అన్నాడు కోటిలింగం లేస్తూ. "ఆ కార్డు ఒకటి ఇటివ్వు."

"ఎందుకు?"

"ఊరికే."

ఆయన ఊరికే అన్నాడంటే అది ఊరికే కాదని శ్రీకృష్ణకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ రోజునుంచి మామయ్య ఫోను ఎత్తడం మానేశాడు. క్లినిక్కుకు వెళ్ళి గొడవ పెట్టుకుంటాడేమోనని శ్రీకృష్ణ మంగళవారం భయపడ్డాడు. బుధవారం తన స్లాట్ రద్దు చేయించి ఉంటాడని అనుమానించి ఫోను చేస్తే, "లేదు సార్, మీది పక్కాగా ఉంది" అంది భవ్య. అది విని ఇంకా అనుమానమొచ్చింది. గురువారం సాయంత్రం యార్డులో బస్తాలు మోసే గౌస్ బాషా ఫోన్ చేశాడు.

"కృష్ణబాబూ, మీ మామయ్యకు ఒంట్లో బాగానే ఉందా? నాలుగు రోజులైంది పనికి రాక."

"గొడవలేమన్నా పెట్టుకున్నాడా బాషా?"

"గొడవ లేదు, ఏం లేదు. నిన్న జుట్టు డాక్టర్ మేడ మెట్లు దిగుతుంటే చూశా. తలకి తువ్వాలు చుట్టాడు. పలకరిస్తే నన్నెరగనట్టు వెళ్ళిపోయాడండీ!"

శ్రీకృష్ణ ఫోను పెట్టేసి చాలాసేపు ఆలోచించాడు. ఆ తర్వాత హారికను పిలిచాడు.

"అర్థమైందా? నన్ను భయపెట్టి ఆపేసి, తను వేయించుకుంటున్నాడు!"

"అరవై మూడేళ్ళకా?"

"ఆదివారం ఒక్క స్లాటే ఉందన్నాన్నేను. అది కొట్టేశాడు!"

"మీ స్లాట్ అలాగే ఉందన్నారుగా మరి."

"అదే నా అనుమానం కూడా" అన్నాడు శ్రీకృష్ణ. తనేం అన్నాడో తనకే అర్థం కాలేదు.

శనివారం ముగ్గురూ గుంటూరులో మామయ్య ఇంటికి వెళ్ళారు. తలుపు తీసిన మల్లేశ్వరి అత్తయ్య వాళ్ళను లోపలికి కూడా రానివ్వకుండా గుమ్మంలోనే మొదలెట్టింది. "వచ్చారా? రండి, మీరే అడగండి. మూడు రోజులైంది తువ్వాలు తియ్యడు. స్నానానికి పోయినా దాంతోనే. పడుకున్నా దాంతోనే, అదీ కూర్చునే నిద్ర! నాకు తెలీకుండా ఏం ఘనకార్యం చేశాడో!"

కోటిలింగం మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. తలకు గళ్ళ తువ్వాలు.

"మామయ్యా, ఆ తువ్వాలు ఒకసారి తియ్యి."

"ఎండగా ఉందిరా."

"ఇంట్లోనా?"

"కిటికీ తెరిచుందిగా."

"అన్నిటికీ అడుగు చూడాలంటావు. ఇవాళ నీ అడుగు నేను చూస్తా!" అని శ్రీకృష్ణ ముందుకు వచ్చాడు. కోటిలింగం రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అందరూ ఒకరినొకరు చూసుకుంటుండగా, మంచమెక్కి తాత వెనక చేరిన పాప తువ్వాలు కొస పట్టి లాగేసింది.

మల్లేశ్వరి "అయ్యో, అయ్యో" అంది. నున్నటి బట్టతల మీద, సరిగ్గా నడిమధ్య, అగ్గిపెట్టెంత చోటులో నల్లటి చుక్కలు. చుట్టూ ఎర్రగా కమిలి, పెచ్చులు కట్టి ఉంది. ఎవరో తెల్ల నేలమీద బుల్లి మిరపమడి వేసినట్టుంది.

"అయితే నిజమే!" అన్నాడు శ్రీకృష్ణ.

"శాంపిల్‌రా" అన్నాడు కోటిలింగం నెమ్మదిగా.

సోమవారం ఆయన చిలకలూరిపేట నుంచి నేరుగా ఆ క్లినిక్కుకే వెళ్ళాడు, రామాంజనేయులు అనే పేరుతో. భవ్య ఆయన తల చూసి నాలుగు వేల గ్రాఫ్టులు వేద్దామంది. "నాకు వెనక ఉన్నదంతా పీకినా అన్ని రావు. అక్కడే అనుమానమొచ్చింది." అయినా తలూపాడు. మంగళవారమంతా ఆ హాల్లోనే కూర్చుని వచ్చేపోయేవాళ్ళ తలలు చూశాడు. బుధవారం, "కాయ చూడకుండా నేను బస్తా కొనను. ముందు ఒక యాభై నాటి చూపించండి" అని పట్టుబట్టాడు. పెద్ద తల దొరికిందన్న సంబరంలో వాళ్ళు సరేనన్నారు.

"డాక్టరొచ్చాడు. పెన్నుతో గీత గీశాడు, భుజం తట్టాడు, వెళ్ళిపోయాడు. ఆదివారమైతే గీత గియ్యడానికి మూడు ఊళ్ళు తిరుగుతాడంట. సూదిమందు ఇచ్చిందీ, పీకిందీ, నాటిందీ ప్రసన్నకుమార్ అని ఒకాయన. మర్యాదస్తుడే. మాటల్లో పెట్టి, ఈ పనిలో ఎన్నాళ్ళుగా ఉన్నావు నాయనా అంటే, రెణ్ణెల్లయిందండీ అన్నాడు. అంతకుముందు మంగళగిరిలో సెల్‌ఫోన్లకు పగిలిన గ్లాసులు మార్చేవాడంట."

శ్రీకృష్ణ తన నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు, ఉందో లేదో చూసుకుంటున్నట్టు.

"బీపీ చూడలేదు. షుగరుందా అని అడగలేదు" అన్నాడు కోటిలింగం. "అడుగుతారేమోనని చివరిదాకా చూశా."

హారిక ఉలిక్కిపడింది. "మీకు షుగరుందిగా బాబాయ్‌గారూ! పుండు మానకపోతే ఏమయ్యేది? షుగరుండి తల గుచ్చించుకుంటారా ఎవరన్నా?"

"మరేం చెయ్యమంటావమ్మా? చంటిపిల్ల తండ్రి. శాంపిల్ వాడి తల మీద తియ్యమంటావా?"

మల్లేశ్వరి కొంగుతో ఆయన తల చుట్టూ మెల్లగా అద్దుతూ, "పన్నెండేళ్ళ క్రితం మీ చెప్పులు గుడిలో మారిపోతే ఆ జతే వేసుకుని తిరుగుతున్నారు, ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ. మీ సొంతానికి ఏ రోజన్నా అడుగు చూశారా?" అని తిట్టింది.

శ్రీకృష్ణకు అప్పుడు తట్టింది. ఇడ్లీ తిరగేసినా, గంగాళంలో గరిటె గుచ్చినా, ఆ తర్వాత ఆయన పక్కవాళ్ళకే ముందు పెట్టేవాడు.

ఆదివారం అతను క్లినిక్కుకు వెళ్ళలేదు. కోటిలింగం పెచ్చులు మానేదాకా రోజూ షుగరు చూపించుకుని, ఆ తర్వాత మేనల్లుణ్ణి చర్మవ్యాధుల డాక్టరు ఉదయశ్రీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ హాల్లో కూడా ఆయన అప్పటికే రెండు రోజులు కూర్చున్నాడట. మూడేళ్ళ క్రితం నాటించుకున్నవాళ్ళను పట్టుకుని తలలు వంచమన్నాడట.

ఉదయశ్రీ శ్రీకృష్ణ తలను భూతద్దం పెట్టి చూసింది. "మీకు రాలడం ఇంకా ఆగలేదు. ఇప్పుడే నాటితే, ముందు నాటింది నిలబడి దాని వెనకున్నది పోతుంది, నాటింది ఒక్కటే దీవిలా మిగులుతుంది. ముందు మందులతో ఒక ఏడాది చూద్దాం. రాసుకునే మందు మొదట్లో కొంత రాల్చడం మామూలే, దానికి భయపడి మానకూడదు. మాత్ర కూడా ఉంది. దానితో కొందరికి ఇబ్బందులుంటాయి, అవన్నీ చెప్తాను, విని మీరే నిర్ణయించుకోండి. అప్పటికీ కావాలనిపిస్తే ఆపరేషన్ గురించి మాట్లాడుకుందాం. వెనకున్న జుట్టు కొంతే, దాచుకుని వాడుకోవాలి."

కోటిలింగం మేనల్లుడి వైపు గర్వంగా చూశాడు. అంతటితో వదల్లేదు. "ఆపరేషనైతే ఎవరి చెయ్యమ్మా?"

"సూదిమందు, కోత నావి. నాటేది మా సిస్టర్లు, ఆరేళ్ళుగా ఉన్నవాళ్ళు. అయ్యేదాకా నేను గదిలోనే ఉంటాను. లోపలికొచ్చి చూస్తారా?"

కోటిలింగం రెండుసార్లు తుమ్మాడు.

ఏడాది కావస్తోంది. శ్రీకృష్ణకు రాలడం తగ్గింది. పోయినచోట నూగులాంటిదేదో వస్తున్నట్టు అతనికి కనిపిస్తుంది, హారికకు కనిపించదు. కోటిలింగం తలమీద శాంపిల్ మొదటి నెలలోనే రాలిపోయింది. ఐదో నెలలో కొన్ని మళ్ళీ మొలిచాయి. "తాలు పోగా పదకొండు నిలిచాయి" అంటాడు ఆయన, దువ్వెన జేబులో పెట్టుకుని తిరుగుతూ. మల్లేశ్వరి రోజూ వాటికి ఒక్క చుక్క నూనె రాస్తుంది. పాప ఆయన ఒళ్ళో కూర్చుంటే ఆ పదకొండూ పట్టుకునే కూర్చుంటుంది.

మొన్న జూన్‌లో పాపను బళ్ళో చేర్పించడానికి వెళ్తే గుమ్మంలో అదే ఆయా. "తాతగారూ, చెప్పులు ఇటు పక్కన."

శ్రీకృష్ణ చెప్పులు పక్కన విడిచాడు. ప్రిన్సిపాల్ గది గోడ మీద ర్యాంకుల ఫొటోలున్నాయి, అటు వెళ్ళలేదు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకునేది ఎవరమ్మా?"

"నేనేనండీ, మస్తాన్‌బీని. పదేళ్ళబట్టీ. ఎందుకండీ?"

"ఒకసారి మీ చేతులు చూడాలి."

ఆమె వింతగా చూసి, నవ్వి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని చాపింది. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. పాప అతని చంక దిగి వాటిలోకి వెళ్ళిపోయింది. కోటిలింగం మామయ్య ఆవేళ ఉదయశ్రీ గారి ఆస్పత్రి మెట్లు దిగుతూ చెప్పిన మాటను శ్రీకృష్ణ ఇప్పుడు ఏ గుమ్మం ముందయినా తలుచుకుంటాడు: "బోర్డు మీద పేరు చదివి లోపలికి పోకురా. పని చేసే చెయ్యి ఎవరిదో చూసి పో."