హేజెల్ వంటింట్లో ఆదివారం పాఠాలు

హేజెల్ టాప్సెల్ బస్సు నడిపేది. ఇంగ్లండులో కెంట్ అనే జిల్లాలోని మా పట్నంలో ఆవిడ రూటు స్టేషన్ దగ్గర మొదలై, పరీక్ష నెగ్గినవాళ్ళనే చేర్చుకునే కొండమీది ఆడపిల్లల గ్రామర్ స్కూలు మీదుగా ఆసుపత్రి దాకా పోయేది. పొద్దున్నే ఆ స్కూలు యూనిఫాం పచ్చకోట్లు వేసుకున్న పిల్లలు ఎక్కుతుంటే ఆవిడ ముఖం ముడుచుకునేది. వేరే బడి పిల్లలు పాస్ మరిచిపోతే చూసీ చూడనట్టు ఊరుకునేది. పచ్చకోటు పిల్ల మరిచిపోతే మాత్రం, వాన పడుతున్నా సరే, దింపేసేది.

పక్కింటిదాన్ని కాబట్టి కారణం నాకు తెలుసు. హేజెల్‌కు ఐలీన్ అని కవల చెల్లెలు ఉంది. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే మంచం, ఒకే దువ్వెన. పదకొండో ఏట ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని గ్రామర్ స్కూలు ప్రవేశ పరీక్ష రాశారు. ఐలీన్ నెగ్గింది, హేజెల్ తప్పింది. తండ్రి ఐలీన్‌కు కొత్త సైకిలు కొన్నాడు. హేజెల్ తల నిమిరి, "ఒకదానికి బుర్ర వచ్చింది, ఇంకోదానికి చేతులొచ్చాయి. ఏడవకు, చేతులూ పనికొస్తాయిలే" అన్నాడు. ఆ వారంలోనే హేజెల్ వంటకత్తితో సైకిలు టైర్లు కోసేసింది. దెబ్బలు తింది గానీ క్షమాపణ చెప్పలేదు.

ఒకతె కొండ మీదికి, ఒకతె కింద గోదాముల పక్కనున్న బడికి వెళ్ళారు. బడి వదలగానే హేజెల్ లాండ్రీలో పనికి చేరింది, తర్వాత బస్సు నడపడం నేర్చుకుంది. ఐలీన్ లెక్కల టీచరై పక్క ఊళ్ళో స్థిరపడింది. తల్లి మందుల గురించి తప్ప ఇద్దరికీ మాటలు లేవు.

హేజెల్ పెళ్ళాడిన క్లైవ్ ప్లంబరు, నెమ్మదస్తుడు. వాళ్ళకు లేకలేక పుట్టిన పిల్ల టెస్సా. పదేళ్ళు నిండాక ఒక సాయంత్రం టెస్సా అంది, "అమ్మా, నేనూ ఆ పరీక్షకి పేరిస్తానే."

"ఇవ్వవు."

"మా క్లాసులో సగం మంది ఇస్తున్నారు."

"సగం మంది బావిలో దూకుతారు, నువ్వూ దూకుతావా? ఆ పచ్చకోటు నా ఇంట్లో కొక్కేనికి వేలాడకూడదు. అంతే."

ఆ మాట మీదే ఉండేది, పిల్ల చదివే బడి హెడ్మాస్టరు నోరు జారకపోయి ఉంటే. తల్లిదండ్రులను పిలిచి ఒక్కొక్కరితో మాట్లాడే రోజున ఆయన హేజెల్‌ను కూర్చోబెట్టి చిరునవ్వు నవ్వాడు. "టెస్సా మంచి పిల్లండీ. కానీ పరీక్షకి పంపి అనవసరంగా చిన్నబుచ్చడం దేనికి? అందరికీ ఆ చదువు సరిపడదు కదా. తన చేతులు చూడండి, ఎంత పనితనమో! బొమ్మలు ఎంత బాగా చేస్తుందో!"

హేజెల్ లేచి నిలబడింది. "ఏమన్నారూ? చేతులా?"

"మెచ్చుకోలుగానే అన్నానండీ."

"మీ మెచ్చుకోలు మీ దగ్గరే ఉంచుకోండి. పిల్ల పేరు రాయించాలంటే ఎవరితో మాట్లాడాలో అది చెప్పండి చాలు."

అలా ఆ స్కూలంటే కిట్టని మనిషే కసికొద్దీ పిల్ల పేరు నమోదు చేయించింది. పాత ప్రశ్నపత్రాలు కొనుక్కొచ్చి వంటింటి బల్ల మీద పడేసింది. రోజూ టీ తాగడం అవగానే గుడ్లు ఉడికించేటప్పుడు వాడే, టైమవగానే గంట కొట్టే చిన్న గడియారం తిప్పి పెట్టేది. మా రెండిళ్ళకూ గోడ ఒకటే. ఆ అరుపులన్నీ నాకు వినబడేవి.

"మళ్ళీ తప్పు! కళ్ళెక్కడ పెట్టుకున్నావు?"

"నువ్వు చెయ్యి మరి! నీకే రాదు, నన్ను తిడతావు!"

నిజంగానే ఆవిడకు రాదు. లెక్కలైతే ఎలాగో చెప్పేది. ఒక్కో అక్షరానికి బదులు అక్షరమాలలో దానికి ముందో వెనకో ఉండే అక్షరం రాసిన మాటలిచ్చి అసలు మాటేమిటో కనుక్కోమనే ప్రశ్నలు వచ్చేసరికి చేతులెత్తేసేది. చిన్నప్పుడు ఆవిడను ముంచినవీ అవే. టెస్సాకు పొట్టనొప్పి మొదలైంది, రాత్రి తిన్నది కక్కుకునేది. క్లైవ్ చూసి చూసి భార్యకు చెప్పకుండా ఐలీన్‌కు ఫోన్ చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఐలీన్ వచ్చి గడప ముందు నిలబడింది. నేను నా గులాబీలు కత్తిరిస్తూ చూస్తున్నాను.

"దేనికొచ్చావు?" అంది హేజెల్.

"నీకోసం కాదు. పిల్ల కక్కుకుంటోందటగా."

"ఎవరు చెప్పారు? వాడేనా? వాడి పని చెబుతా ఉండు."

"చెబుదువుగాని. ముందు జరుగు, చలి వేస్తోంది."

హేజెల్ కాసేపు అడ్డంగానే నిలబడి తర్వాత పక్కకు జరిగింది. "పాఠం చెప్పు, పో. నా ఇంట్లో నీకు టీ పొయ్యను."

"నీ టీ తాగి ఎవడు బతికాడులే."

ఆనాటి నుంచి ఐలీన్ ప్రతి ఆదివారం ఫ్లాస్కులో తన టీ తానే తెచ్చుకుని వచ్చేది. అక్కచెల్లెళ్ళు టెస్సాకు చెరోపక్కన కూర్చునేవాళ్ళు. ఐలీన్ పాఠం చెబుతుంటే హేజెల్ బంగాళాదుంపల చెక్కు తీస్తూ, "గొంతు తగ్గించు, ఇది నీ క్లాసు కాదు" అంటూ పుల్లవిరుపుగా మాట్లాడుతుండేది. టెస్సా కక్కుకోవడం మాత్రం ఆగింది.

పరీక్ష ఇంకా కొద్ది రోజులుందనగా ఒక ఆదివారం ఆ అక్షరాలు మార్చిన మాటల ప్రశ్న వచ్చింది. టెస్సా కళ్ళు మూసుకుని మనసులో అక్షరాలు లెక్కపెట్టుకోసాగింది. ఐలీన్ ఆ పిల్ల చేతికి పెన్సిలిచ్చింది. "మనసులో ఎందుకే పిచ్చిదానా? కాగితం పైన అక్షరమాలంతా వరసగా రాసుకో. వేలు పెట్టి జరుపుకుంటూ పో."

హేజెల్ చేతిలో కత్తి ఆగిపోయింది. వంగి ఆ వరస చూసింది. తర్వాతి ప్రశ్న మీద వేలు పెట్టి మెల్లగా జరిపి, టెస్సా కంటే ముందే జవాబు చెప్పేసింది. ఆ జవాబు సరిగ్గానే ఉంది.

"ఇంతేనా? ఇలా రాసుకోనిస్తారా?"

"రాసుకోనిస్తారు. ఎప్పుడూ అంతే" అంది ఐలీన్.

"ఎప్పుడూ అంటే? మనం రాసినప్పుడూనా?"

ఐలీన్ ఫ్లాస్కు మూత బిగించింది.

"నిన్నే అడుగుతున్నానే! నీకు అప్పుడే తెలుసా?"

"పెంబర్టన్ టీచరు మధ్యాహ్నం బెల్లులో నలుగుర్ని కూర్చోబెట్టుకుని నేర్పింది. నువ్వేమో నేను కుట్టుపని క్లాసుకి పోతున్నాననుకున్నావు."

"మనం ఒక్క మంచంలో పడుకునేవాళ్ళం కదే."

"ఎవరికీ చెప్పొద్దంది. పదేళ్ళ పిల్లని, భయం వేసింది."

"అప్పుడు పదేళ్ళు, సరే. ఇరవై ఏళ్ళప్పుడేమైంది? ముప్పై ఏళ్ళప్పుడు? నేను మొద్దుదాన్నని నాన్న చచ్చేదాకా అంటూనే ఉన్నాడు. నువ్వు అక్కడే కూర్చుని వింటూ ఊరుకున్నావు!"

"చెబితే ఏం చేసేదానివి? ఇంకో రెండు టైర్లు కోసేదానివి."

హేజెల్ ఫ్లాస్కు పట్టుకుపోయి వీధి తలుపు తీసి బయటికి విసిరింది. అది నా కంచె దగ్గర పడి పగిలింది. ఐలీన్ కోటు తగిలించుకుని, "పిల్లకి పేరా చదివి జవాబులు రాసే ప్రశ్నలు ఇంకా ఉన్నాయి, వదిలెయ్యకు" అని చెప్పి వెళ్ళిపోయింది. టెస్సా బల్ల కింద దూరి ఏడ్చింది.

మిగిలిన రోజులు హేజెలే చెప్పింది, విన్నదంతా గుర్తుకు తెచ్చుకుంటూ. అరుపులు తగ్గలేదు, కానీ ఇప్పుడు తిట్లు పిల్లకు కాదు, ఎప్పుడో పోయిన పెంబర్టన్ టీచరుకు. టెస్సా పరీక్ష నెగ్గింది. ఆ వార్త తెలిసి హేజెల్ తల్లి సంబరపడింది. "ఐలీన్ చలవే!" అందావిడ. హేజెల్ ఆ రోజు నుంచి రెండు నెలలు తల్లి గడప తొక్కలేదు.

పచ్చకోటు కొక్కేనికి ఎక్కింది. సంతోషంగా ఉందా అని నేనడిగితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ స్కూలు రేపు కూలిపోతే చూడ్డానికి కుర్చీ వేసుకుని కూర్చుంటా. పిల్ల వెళ్తానంది, వెళ్తోంది. సంతోషమెక్కడిది?"

కొన్నాళ్ళకు పోయిన వాళ్ళ తల్లి అంత్యక్రియల్లో కవలలిద్దరూ చర్చిలో ఈ చివర ఒకతె, ఆ చివర ఒకతె కూర్చున్నారు. ఇద్దరినీ కలపొచ్చేమోనని క్లైవ్ మధ్యలో కూర్చున్నాడు. కలవలేదు.

టెస్సా మాత్రం పెద్దదయ్యాక శనివారాలు పిన్ని దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. హేజెల్ అడ్డు చెప్పలేదు. "వెళ్తే వెళ్ళు. దాని వంట నా ఇంట్లోకి తెచ్చావంటే ఊరుకోను" అంది. అందుకని ఐలీన్ ఇచ్చిన అల్లం కేకును టెస్సా మా పిట్టగోడ మీద కూర్చుని తింటుంది. నాకూ ఓ ముక్క పెడుతుంది. హేజెల్ కిటికీలోంచి చూసి తెర లాగేస్తుంది.