హాస్టలవ్వ కంటిరెప్ప

నేను వాలంటీరుగా తిరిగిన ఆ రోజుల్లో నా గొంతు పక్కవాళ్లకు కూడా వినపడేది కాదు. ఇంటింటికీ పోయి పింఛన్లు ఇచ్చే పని అలాంటి పిల్లకు ఏం చూసి ఇచ్చారో ఇప్పటికీ తెలియదు. ఒక్కో తలుపు తట్టేముందు మాటలు మనసులో కూర్చుకునేదాన్ని. (డైరీలో సాక్ష్యం ఉంది. "అవ్వా, బాగుండావా" అన్నదానికి మూడు చిత్తుప్రతులు!) చర్చిలో "పాపా, నువ్వు ప్రార్థన చెయ్" అని ఎక్కడ పిలుస్తారోనని స్తంభం చాటున కూర్చునేదాన్ని.

జమ్మలమడుగులో నాకప్పగించిన ఇళ్లలో హాస్టలవ్వది ఒకటి. మిషన్ హాస్టల్లో ఏళ్ల తరబడి గిన్నెలు తోమి వేలిముద్రలు అరగదీసుకున్న మనిషి. ఆ నెల మెషిన్ ఆమె పది వేళ్లనూ కాదంది. ఇక ఫోన్లో ముఖం చూపించాలి, బతికున్నట్టు రుజువుగా కళ్లు ఒకసారి మూసి తెరవాలి. అదే ఆఖరి రోజు, ఐదింటికి యాప్ మూసేస్తారు. ఇంటి బాడుగ, బీపీ మాత్రలు అన్నీ ఆ పింఛనుతోనే. నేను చేరేసరికి నాలుగున్నర.

అవ్వ ఉతికిన చీర కట్టుకొని కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఫోన్ దించితే పదిసార్లు రెప్పలార్పేది, ఎత్తితే రాతిబొమ్మ.

"కండ్లు ఒకసారి మూయవ్వా."

"మూయను మే. మీ తాతకుండే ఫోటో అదొక్కటే, చూడు. పెట్టెలో పండుకోబెట్టినాక తీసినారు. కండ్లు మూసుకోని ఫోటో దిగేది సచ్చినోళ్లే."

గోడమీద ఫోటోలో పూలు, పెట్టె, మూసిన కళ్లు. మళ్లీ ఫోన్ ఎత్తాను, మళ్లీ రాతిబొమ్మే.

ఎదురింటి టైలరు మామ గడపలోకొచ్చి, "ఏమవ్వా, పాపకు ఒక్కసారి కన్ను కొట్టరాదా, పనైపోతాది" అన్నాడు.

"నీకు కొడ్తా సెప్పుతో, ఈడికి రా!"

నాలుగూ యాభై. భయంతోనే అన్నాను, "అవ్వా, ప్రార్థన చేసుకుందామా?" అవ్వ కళ్లు టక్కున మూసుకున్నాయి! ఇక తెరవడమే తరువాయి. కానీ అవ్వ ప్రార్థన రోగులతో మొదలై, కువైట్లో ఉన్న మామ కొడుకును దీవించి (మామ గడపలోంచే, మసీదులో అన్నట్టు "ఆమీన్" అన్నాడు), ఇడుపులపాయలో చదివే పిల్లల పరీక్షలదాకా పోయింది. కళ్లు తెరవాల్సిన సమయం అయిపోయిందంది ఫోన్. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి వానల దగ్గర అయిపోయింది.

నాలుగూ యాభై ఏడు.

"ఈసారి నేను చేస్తానవ్వా."

అవ్వ నావైపు వింతగా చూసి కళ్లు మూసింది. ఎక్కడినుంచి వచ్చిందో ఆ కేక, "ప్రభువా, అవ్వ బతికే ఉంది, ఆమెన్!"

వీధి వీధంతా విన్నది. అదిరిపడి అవ్వ కళ్లు తెరిచింది. ఫోన్లో పచ్చ టిక్కు.

"ఇదేం ప్రార్థన మే! దేవుడు ఊ కొట్టేలోపల ముగిచ్చినావు!" అని తిట్టి, మెల్లగా అడిగింది. "నా కండ్లు తెరుచుకోని ఉండే ఫోటో పడిందా?"

ఆ ఫోటో మన చేతికి రాదని చెప్పలేక, నా సొంత ఫోన్లో అప్పటికప్పుడు తీసి, ప్రొద్దుటూరులో ఫ్రేము కట్టించి ఇచ్చాను. అవ్వ లేదిప్పుడు. తాత పక్కన ఆ ఫోటో ఉంది, ఇంకా అదిరిపడిన కళ్లతోనే. నా ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు చర్చిలో పిలిస్తే లేచి ప్రార్థన చేస్తాను, పొడుగ్గానే. కానీ అంత తొందరగా జవాబొచ్చిన ప్రార్థన మాత్రం మళ్లీ ఒక్కటీ చేయలేకపోయాను.