చెరకాకు కుప్పలో వేడి

మేడ మీద మా మనవరాలు ప్లాస్టిక్ డ్రమ్ము మూత తీసింది. వానకు తడిసిన నేల వాసన లాంటిదే, ఇంకాస్త వెచ్చగా, గుప్పుమంది. "ఎరువు ఇలా డ్రమ్ములో చేస్తే మంచిదా, వానపాములతోనా అమ్మమ్మా?" అని అది అడుగుతుంటే నాకు చోడవరంలో మా పక్కింటి పైడమ్మత్త గుర్తొచ్చింది. ఆవిడైతే ముందు ఈ పిల్ల వంటింట్లో ఏం మిగులుతుందో, తర్వాత ఆకాశంలో మబ్బుందో లేదో చూసి గానీ జవాబు చెప్పేది కాదు.

పంతొమ్మిదివందల యాభైల్లో మాట. నాకు పెళ్ళైన కొత్త. మా అమ్మ పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం చెరకు తోట ఉండేది. ఎడ్లను అమ్మేశాక ఇంట్లో ఒక్క గేదె మిగిలింది. ఎరువు చాలక తోట బక్కచిక్కింది. "వచ్చే మాఘానికి కౌలుకిచ్చీద్దాం. ఎరువెక్కడ్నించి తెస్తాం?" అన్నారు మా ఆయన. అమ్మ ఇచ్చిన నేలలో ఇంకొకరు దిగడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. ఎరువు నేను చేస్తాను, అప్పటిదాకా ఎవరికీ మాటివ్వకండి అన్నాను. ఆయన నవ్వేశారు.

చెరకు నరికాక ఎండాకును అక్కడే తగలబెట్టడం మా వైపు అలవాటు. నేను దాన్ని మోపులు కట్టించి పెరట్లోకి తెప్పించాను. అందరూ చెప్పినట్టే గొయ్యి తీయించి అందులో కుక్కించాను. పైడమ్మత్త గోడ మీంచి చూసింది. భర్త పోయాక ఒంటిచేత్తో సాగు చేసుకునే మనిషి, గొంతు విప్పితే వీధి చివరికి వినబడేది. "ఏటే గుంటా, ఎండల్లో అయితే గొయ్యి బాగుంటాది, తడి ఆరదు. వానలొస్తే ఏటి సేస్తావు?" అంది. నేను వింటేగా! తొలకరికే గొయ్యి నిండి, పెరడంతా కుళ్ళు కంపు కొట్టింది. "ఎరువు సేస్తన్నావా, కప్పల్ని పెంచుతన్నావా?" అన్నారు మా ఆయన. ఆ రోజు గోడ పక్కన కూర్చుని ఏడ్చాను. తోట పోయినట్టే అనుకున్నాను.

"నువ్వేడిస్తే గోతిలో నీలు ఇంకా పెరుగుతాయి. లెగు" అంటూ పైడమ్మత్త కొంగు దోపుకుని వచ్చేసింది. ఇద్దరం కలిసి ఆకంతా పైకి లాగాం. మెరక మీద కంపలు పరిచి, చెరకాకు, పచ్చి రొట్ట, పొయ్యి బూడిద పొరలుగా వేసి కుప్ప పెట్టాం. రోజూ వాకిట్లో కళ్ళాపి చల్లగా మిగిలిన పేడనీళ్ళు దాని మీదే పొయ్యమంది. పైన తాటాకులు కప్పి, నడిమిలో వెదురు కర్ర గుచ్చింది. "దీన్ని లాగి పట్టుకుని సూడు. ఎచ్చగుంటే ఎరువవతన్నట్టే, సల్లగుంటే కుప్ప తిరగెయ్యి. ఎవుల్నీ అడక్కు."

కొన్నాళ్ళకు మా ఆయన ఎగతాళిగా ఆ కర్ర లాగి, "అమ్మో!" అని వదిలేశారు. అరచెయ్యి చూసుకున్నారు, నన్ను చూశారు. మర్నాటి నుంచి కుప్ప తిరగెయ్యడానికి పార ఆయనే పట్టారు.

మాఘంలో కౌలు అడగడానికి ఒకాయన వచ్చాడు. మా ఆయన నెత్తి మీద నల్లటి ఎరువు తట్ట. దించకుండానే, "లేదు బాబూ, ఈ ఏడు మేవే ఏస్తన్నాం" అన్నారు. నాకు కడుపు నిండిపోయింది. గోడవతల పైడమ్మత్త మాత్రం వినబడనట్టు తన పని తాను చేసుకుపోయింది.

ఆవిడ లేదిప్పుడు, మా ఆయనా లేరు. మనవరాలి డ్రమ్ములో ఒక కర్ర గుచ్చి, కాసేపాగి లాగి దాని చేతిలో పెట్టాను. "పట్టుకుని సూడు. ఎవుల్నీ అడక్కు" అన్నాను. ఇదేం యాస అమ్మమ్మా అని అది పడీ పడీ నవ్వింది. చోడవరంలో మా అమ్మ ఇచ్చిన అరెకరం ఇంకా నాదే. ఈ ఏడూ అందులో చెరకే వేయించాను.