నా మడమ కోసం నర్సింహ ఎక్కిన మెట్లు

ఎడమ మడమ నొప్పితో నేను పోగొట్టుకున్నవి ఇవి: ఆరు నెలల నడక, ఇష్టపడి కొన్న తోలు చెప్పుల జత, గోదాంలో నలుగురి ముందు తలెత్తుకు తిరిగే అలవాటు. చివరిది ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోదాంలో పెట్టెలు లెక్కపెట్టడం నా పని. పెద్దగా చదువుకోలేదు, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. కింది అంతస్తు నాతోపాటు లెక్కపెట్టే నర్సింహది, పై అంతస్తు నాది.

ఒకరోజు పొద్దున సాతంరాయిలో మా ఇంట్లో మంచం దిగి కాలు మోపగానే మడమ వెనక నరం పట్టి లాగినట్టయింది. పది అడుగులు వేశాక తగ్గింది. తగ్గింది కదా అని రెండు నెలలు అలాగే పనికి వెళ్లాను. చివరికి మెట్లెక్కలేకపోయాను.

డాక్టరు మడమ పైభాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే అరిచాను. అల్ట్రాసౌండ్ చూసి, "అకిలిస్ టెండినోపతి. మడమను పిక్కకు కలిపే టెండన్ దెబ్బతింది, తెగలేదు. చెప్పులు మాని బూట్లు వెయ్యి, ఫిజియోథెరపీ చేయించుకో" అన్నాడు.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి నన్ను మెట్టు అంచున నిలబెట్టి, మడమను మెల్లగా కిందికి దించడం నేర్పింది. పదిహేను చొప్పున మూడుసార్లు, పొద్దున, సాయంత్రం.

గోదాంలో నాకు గేటు దగ్గర కుర్చీ వేశారు. నర్సింహ తన లెక్క ముగించుకుని, నా కోసం పైకెక్కి అక్కడినుంచి అరిచేవాడు: "అన్నా, నలభై రెండు! రాస్కో. జర లేస్తుండు, కుర్సీ ఇర్గుతది!" అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, తల దించుకునే. నెలాఖరుకు మెట్లెక్కకపోతే నా పని ఇంకొకరికి ఇస్తానని సూపర్‌వైజర్ అప్పటికే చెప్పాడు.

రెండు వారాలకు నొప్పి తగ్గింది. అంతలో సరుకు ఎక్కువొచ్చి మూడు రోజులు ఎక్సర్‌సైజు కుదరలేదు. రోజుకు తొంభై చొప్పున రెండు వందల డెబ్బై బాకీ. మొత్తం సరిపోతే లెక్క సరిపోయినట్టే అనుకున్నాను. ఆదివారం గుమ్మం మెట్టు మీద అన్నీ ఒక్కసారే చేసేశాను.

"ఏందయ్యా, పొద్దటిసంది గిట్ల?" అంది మా ఆవిడ.

"బాకీ తీరుస్తున్న" అన్నాను గొప్పగా.

సోమవారం కాలు కింద పెట్టలేకపోయాను. మడమ వాచింది. నా లెక్క విని ఫిజియోథెరపిస్టు నవ్వలేదు. "టెండన్‌కి మీ మొత్తం తెలీదు అంకుల్. ఇవాళ ఎంత బరువు పడిందో అంతే తెలుసు" అంది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం.

నర్సింహకు చెప్పక తప్పలేదు. "వారం బువ్వ అయితారం ఒక్కపూటనే తిన్నవా అన్నా?" అని పడీ పడీ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇగ పరేషాన్ గాకు. సార్‌తోటి మాట్లాడిన. నీ కాలు బాగయ్యేదాంక నేనే ఎక్కుత" అన్నాడు. ఆ రోజు అతని మొహం చూడలేకపోయాను.

మరో మూడు నెలలు పట్టింది. ఇప్పుడు నా మెట్లు నేనే ఎక్కుతున్నాను. పొద్దున మొదటి రెండడుగులు మాత్రం బిగుసుకుపోయినట్టుంటాయి. ఈ నొప్పి ఉన్నవారికి ఒకటే చెబుతాను: ఒక పూట ఎక్సర్‌సైజు తప్పితే పోయిందనుకుని వదిలేయండి, తర్వాతి పూటకు కలపకండి.

నర్సింహ ఎక్కినవి మాత్రం వదిలేయలేను. ఆ ఆదివారం తర్వాత అతను నా కోసం డెబ్బై రెండుసార్లు పైకెళ్లాడు. రోజుకోసారి అతన్ని నా పాత కుర్చీలో కూర్చోబెట్టి, అతని అంతస్తు నేను తిరుగుతున్నాను. "చాలు తియ్ అన్నా, నాకు సిగ్గయితుంది" అంటాడు. రోజుకు ఒకటే, ఎక్కువ కాదు. ఇంకా నలభై ఒకటి ఉన్నాయి.