ఎర్రగుడ్డ బిందె

ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. మొదటి కారణం, నాకు అక్షరాలు రాకపోవడం. యాభై ఎనిమిదో ఏట మా వీధిలో పెట్టిన సాయంకాలపు బడిలో, నాకు కూతురుంటే దాని వయసు కూడా ఉండని పంతులమ్మ దగ్గర పలక పట్టుకుని నేర్చుకున్నాను. అక్షరాలు వచ్చాక కూడా మా చెల్లెలి మగడి మేనమామ బతికే ఉన్నాడు. సంగతి ఆయన చెవిన పడితే ఆ ఇంట్లో నా చెల్లెలు తలెత్తుకోలేదు. ఆయన కిందటేడు పోయాడు. ఇక రాస్తాను.

మాది కోడుమూరు దగ్గర పల్లె. జొన్న, కొర్ర పండే మెట్ట పొలాలు. చెల్లెలి పెళ్లి నాటికి మద్యనిషేధం వచ్చి కొన్నేళ్లయింది. కల్లు అంగడి పాకలో ఎవరో గొర్రెలను కట్టేసుకుంటున్నారు. మగవాళ్లు మాత్రం ఆ పాక ముందు నుంచి పోతూ, చనిపోయిన చుట్టం ఇంటి వైపు చూసినట్టు చూసేవారు.

మా వాళ్లలో మగపెళ్లివారు విడిదిలో దిగగానే ఆడపెళ్లివారు నాలుగు పానకం బిందెలు పంపాలి. మూడు బిందెల మూతికి తెల్లగుడ్డ కడతారు. అవి అందరివీ. నాలుగోదానికి ఎర్రగుడ్డ. అది మగవాళ్లది. అందులో ఉండేది పానకం కాదని చంటిపిల్లలకు కూడా తెలుసు, పేరు మాత్రం ఎవరూ పలకరు. ఆడవాళ్లు ఆ బిందెను మోయకూడదు, గుడ్డ విప్పకూడదు. అది తాగి పడిపోయినవాళ్లను లేవనెత్తడానికి మాత్రం మేమే కావాలి.

పెళ్లికి నెల ముందు పక్క ఊళ్లో ఒక పెద్దమనిషి ఇంట్లో సారా కుండ దొరికింది. కూతురిని ధారపోయాల్సిన వేళకు ఆయన పోలీసు ఠాణా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా నాయన ఆ పెళ్లికి పోయి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే చెప్పాడు, మన ఇంట్లో సారా చుక్క కూడా ఉండదని.

సారా లేకపోతే దాని బదులు ఏమి పోయాలని మగవాళ్లు మూడు రోజులు మాట్లాడుకున్నారు. పెళ్లికూతురికి చీర ఎంచడానికి ఒక పూట చాలింది.

మా ఆయన నాకు మేనత్త కొడుకు, మా నాయనకు పెద్దల్లుడు. అరుగు మీద మంచి చోటు ఎప్పుడూ ఆయనదే.

"డోన్ నుంచి గోలీసోడాలు తెప్పిద్దాం మామా. టప్పుమని కొడితే పెండ్లికి కళ వస్తాది" అన్నాడు.

"సోడా తాగితే తేపులొస్తాయి గాని ఇంకేమొస్తాదప్పా?" అన్నాడు మా చిన్నాయన. "కాఫీ పోద్దాం. పట్నం పెండ్లిళ్లలో అదే."

"కాఫీ తాగితే నిద్దర పట్టదు. మేలుకొని మన తప్పులు ఎంచుతా కూర్చుంటారు."

"నన్నారి షర్బత్తు?"

"అది కడుపు మంటకు తాగేది. వచ్చినోళ్లేమన్నా రోగిష్టోళ్లా?"

ఇట్లా ఒక్కొక్కటీ ఎత్తడం, పక్కన పెట్టడం. ప్రాణం పోతున్నవాడికి మందు వెతికేటప్పుడు కూడా ఇంత ఆలోచన ఉండదు. ఊరికే మంచినీళ్లు తాగి పెళ్లి చూసిపోవచ్చునన్న మాట ఆ మూడు రోజుల్లో ఒక్కరి నోటా రాలేదు.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. నిషేధం వచ్చినా ఆయనకు సారా ఎక్కడో ఒకచోట దొరికేది. దొరికిన రోజు నన్ను కొట్టేవాడు. పొద్దున్నే తల వంచుకుని వచ్చి, "కొట్టింది నేను కాదు మే, ఆ పాడు సారా" అనేవాడు. ఆరేళ్లు అదే మాట. నేనూ నమ్మాను. అంగడి మూసిన రోజు టెంకాయ కూడా కొట్టాను.

మగపెళ్లివారు ఆత్మకూరు వైపు నుంచి మూడు బండ్లలో దిగారు. ముహూర్తం మర్నాడు పొద్దెక్కాక. ఆ మధ్యాహ్నమే పెళ్లికొడుకు మేనమామ కబురు పంపడం కాదు, తానే వచ్చాడు. ఎత్తు మనిషి, మెడలో జరీ కండువా. మా నాయన మంచం చూపిస్తే కూర్చోలేదు.

"బిందెలు యాడప్పా? పొద్దు వాలుతాండాది."

"వస్తాండాయి. పానకం కలుపుతాండారు."

"పానకం ఆడోళ్లకు, పిల్లోళ్లకు. ఎర్రగుడ్డది రావల్ల. అది రాకుంటే మావాళ్లు విడిది దాటరు. పిల్లోడు కూడా దాటడు."

"కాలం బాగలేదప్పా. పోలీసోళ్లు..."

"మా దిక్కు అడివిలో ఎంత కావాలన్నా దొరుకుతాది. మీకు ఈడ చేత కాదంటే ముందే చెప్పుండల్ల. బండ్లు కట్టకనే ఉందుము."

ఆయన వెళ్లాక మా నాయన పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. లోపల చెల్లెలు పసుపు బట్టల్లో కూర్చుని అంతా వింటోంది. ఏడవలేదు. గోళ్లతో చాప పుల్లలు ఊడదీస్తోంది. సారా తెస్తే నాయన ఠాణాకు పోతాడు, తేకపోతే దాని పెళ్లి పీటల దాకా రాదు.

నాయనను పెరట్లోకి పిలిచాను.

"ఎర్రగుడ్డ కట్టి పంపు నాయనా."

"లోపల ఏం పోసి పంపల్ల పాపా?"

"పానకమే."

"అబద్ధం చెప్పమంటావా?"

"నువ్వేమీ చెప్పొద్దు. బిందె కట్టి పంపు. అడిగితే మెల్లగా మాట్లాడమను, అంతే."

బెల్లం తక్కువ వేశాను. శొంఠి రెండు గుప్పిళ్లు, మిరియాలు అంతకంటే ఎక్కువ, కాచిన వాము నీళ్లు. గుటక వేస్తే గొంతు నుంచి కడుపు దాకా మండాలి. సారా గుణాల్లో నేను కలపగలిగింది అదొక్కటే కదా. తాగేవాళ్లకు ఆ మంట, దెబ్బలు మాకు. ఎర్రగుడ్డ నేనే కట్టాను. చిన్నాయన, మా ఆయన గునపానికి తాళ్లు కట్టి, దొంగల్లా చుట్టూ చూసుకుంటూ మోసుకుపోయారు. లోపల ఏముందో వాళ్లకూ చెప్పలేదు.

విడిదికీ మా వంటపందిరికీ మధ్య మొండిగోడ. గోడ అవతల మాటలన్నీ మాకు వినపడుతున్నాయి. "ఏం సరుకప్పా ఇది?" అని ఎవరో అడిగారు. బిందె వెనకే పోయిన మా నాయన, "ష్, మెల్లగా" అన్నాడు. అంతే, ఇక సందేహం లేదు. గొంతు తగ్గించి తాగాల్సింది సారా కాక ఇంకేమవుతుంది?

మొదటి చెంబుకు దగ్గులు. రెండో చెంబుకు మేనమామ గొంతు, "అబ్బా, గట్టి సరుకప్పా. తలకెక్కుతాండాది." ఆయనకు ఎక్కితే పక్కవాడికి ఎక్కకుండా ఉంటుందా? తనకొక్కడికే ఎక్కలేదని చెప్పుకునే ధైర్యం అక్కడ ఎవరికుంది? ఒకరి తర్వాత ఒకరు మత్తులో పడ్డారు. ఒకడు పాట ఎత్తుకున్నాడు. ఒకడు పాతికేళ్ల కిందట పోయిన తమ్ముడిని తలచుకుని ఏడ్చాడు. మూడోవాడు, నడవలేనని, ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవనని కూర్చున్నాడు. అంతమంది మగవాళ్లు శొంఠి నీళ్లు తాగి తూలుతుంటే, నేను పొయ్యి దగ్గర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆ నవ్వు కాసేపే.

దీపాలు పెట్టే వేళ మా ఆయన వంటపందిరిలోకి వచ్చాడు. కళ్లు సగం మూసి, కండువా నేల మీద ఈడ్చుకుంటూ.

"బిందె ఖాళీ అయ్యిండాది. ఇంకొక చెంబు యాడ పెట్టినారు?"

"లేదు బావా. అంతే."

"పెద్దల్లుడు అడిగితే లేదంటావా?"

చెయ్యి విసిరాడు. చెంప మీద పడింది. నేను గంగాళానికి తగిలి కూర్చుండిపోయాను. రెండోసారి చెయ్యెత్తేటప్పుడు, దారికి అడ్డమున్న పప్పు దబరను కాలితో జాగ్రత్తగా పక్కకు జరిపాడు. అది నేను చూశాను.

కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్లు ఆయనను అవతలికి పంపి నా చుట్టూ చేరారు. "తాగుండాడు మే. మత్తులో తెలీలేదు. గమ్మునుండు" అని ఒకరు. "సారా చేసే పనే అంత" అని ఇంకొకరు.

"ఏం సారా?" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. గోడ అవతల మేనమామ నవ్వుతున్నాడు. ఇవతల అరవగానే అవతల వినపడుతుంది. చెల్లెలు లోపలి గడప దగ్గరికి వచ్చి నన్నే చూస్తోంది. నోరు మూసుకుని లేచాను. పప్పు మాడకుండా కలిపాను. ఎర్రగుడ్డ బిందె గురించి ఒక్క మాట దొర్లినా మర్నాడు తాళి ఉండదు.

పొద్దున మేనమామ తలకు తడి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

"తలకాయ పగిలిపోతాందమ్మా. మీ నాయన ఏం పోసినాడో గాని, రవ్వంత మజ్జిగ ఇయ్యి."

ఉప్పు వేసి, నిమ్మకాయ పిండి ఇచ్చాను. మిరియాలకు తలనొప్పి రావడం అప్పుడే చూశాను.

తాళి మూడు ముళ్లూ పడేదాకా నేను పీటల వెనకే నిలబడ్డాను. మూడో ముడి పడ్డాక పెరట్లోకి పోయాను. అనుకున్నట్టే మా ఆయన వెనకే వచ్చాడు, తల వంచుకుని.

"నిన్న కొట్టింది నేను కాదు మే..."

"ఉండు బావా" అన్నాను. రుచి చూడటానికి తీసి పెట్టిన చెంబు పొయ్యి గూట్లో అట్లాగే ఉంది. ఆయన చేతికిచ్చి తాగమన్నాను. ఒక గుటక వేశాడు. గొంతు పట్టుకున్నాడు. ఇంకొక గుటక మెల్లగా వేశాడు.

"ఇది పానకం కదా మే?"

"ఔ. నిన్న ఎర్రగుడ్డ బిందెలో పోసింది ఇదే. నీ చేతులతో నువ్వే మోసినావు."

నేను లోపలికి పోయి ఆయన సంచి సర్దాను. రెండు పంచెలు, చొక్కా, వక్కాకు తిత్తి. మా అత్తగారి ఊరికి తిరిగి పోయే బండి వేప కింద కట్టి ఉంది. సంచి తీసుకెళ్లి ముందు వైపు పెట్టాను.

"నీ సంచి యాడ?" అని అడిగాడు.

"ఈడ్నే ఉండాది. ఈడ్నే ఉంటాది."

మొదటి పంక్తికి జనం కూర్చుంటున్నారు. నేను విస్తర్ల కట్ట అందుకుని, మేనమామ ఉన్న వైపు నుంచి వేయడం మొదలుపెట్టాను.